గ్నియెజ్నోకి చామంతులు

అమెరికాలోని నోవైలో మా పక్కింటి పోలిష్ ఆంటీ తన తల్లి అంత్యక్రియలకు వెళ్లలేదు. అప్పట్లో ఆమె వీసా కాగితాలు సరిగా లేవు, వెళ్తే మళ్లీ అమెరికాలోకి రానివ్వరని భయం. ఆ రోజు నుంచి పోలండ్‌లోని గ్నియెజ్నోలో ఉన్న అక్క ఆమెతో మాట్లాడటం మానేసింది. పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరిన కొన్నేళ్లకు, కాగితాలన్నీ సరయ్యాక, మోకాళ్ల నొప్పులతో ఒంటరిగా ప్రయాణం చేయలేక ఆంటీ నన్ను తోడు రమ్మంది. అక్క తలుపు తీస్తుందో లేదో తెలియదు.

నేను కాలేజీ మొహం చూడలేదు. నాకు తెలిసిందంతా మా ఊరి లైబ్రరీ పెట్టిన భిక్ష. పోలండ్ తొలి రాజుల పట్టణమైన గ్నియెజ్నో గురించి దొరికినవన్నీ చదివాను. అక్కడి పెద్ద చర్చి, కెథెడ్రల్, కంచు తలుపుల మీద ఒక మతబోధకుడి జీవితమంతా చెక్కి ఉంటుందని విమానంలో ఆంటీకి చెప్పుకుంటూ పోయాను.

"అన్నీ చదివావు సరే, మందపాటి కోటు పెట్టుకున్నావా?" అంది ఆంటీ.

"మీకు కూడా గ్లవ్స్ తెచ్చాను."

దగ్గర్లోని పోజ్నాన్‌లో విమానం దిగి, మర్నాడు పొద్దున్నే రైలెక్కాం. సాయంత్రానికి తిరిగి రావాలి. గ్నియెజ్నో చేరగానే ఆంటీ ముందు కెథెడ్రల్‌కే వెళ్దామంది. ఆ తలుపుల ముందు నేను ఒక్కో బొమ్మ గురించి గుసగుసగా చెబుతున్నాను.

"అమ్మ నన్ను ఎత్తుకుని ఇవే చూపించేది" అంది ఆంటీ.

నేను చెప్పడం ఆపి, ఆమెకు బాగా కనపడేలా వెనక్కి తగ్గాను.

బయటికొచ్చి ఆంటీ బెంచీ మీద కూర్చుంది. ఒకరింటికి ఉత్త చేతులతో ఎలా వెళ్తాం? పక్కనే ఉన్న దుకాణంలో పచ్చటి చామంతులు కొన్నాను. పండగకి గుమ్మానికి కట్టుకునే పూలు, శుభమే అనుకున్నాను. కాగితంలో చుట్టి ఉండటంతో ఆంటీ వాటిని చూడలేదు.

అక్క ఇంటికి వెళ్లి తలుపు తట్టాం. అక్కే తీసింది. చెల్లెల్ని చూసి అలాగే నిలబడిపోయింది. నేను కాగితం విప్పి పూలు అందించాను. అందుకున్న అక్క ముఖం పాలిపోయింది.

"అయ్యో, ఇవి మేము సమాధుల మీదే పెడతాం. ఇళ్లకు తేము" అంది ఆంటీ.

సిగ్గుతో వెనక్కి తీసుకోబోయాను. అక్క వదల్లేదు. పొడిగా ఏదో అంది.

"ఏమంటున్నారు?" అని ఆంటీని అడిగాను.

"సరైన పూలే తెచ్చారు, కోటు వేసుకొస్తాను, అమ్మ దగ్గరికి వెళ్దాం అంటోంది."

సమాధుల తోటలో అక్క ఆ పూలన్నీ చెల్లెలి చేతిలో పెట్టి పక్కకు జరిగింది. ఆంటీ తడి నేల మీదే మోకరిల్లింది. చాలాసేపటికి లేవబోయి లేవలేకపోయింది. నేను ముందుకు అడుగు వేసేలోపే అక్క చెయ్యి చాచింది.