వెనక చక్రం గీసిన ఆరు మీటర్లు

ఇరవై ఏళ్లుగా బస్సు నడుపుతున్న డ్రైవరుకు ఆ రోజు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలాలి. సైకిలు అడ్డొస్తే ఆయన గట్టిగా బ్రేకు వేశాడు. గంటకు యాభై కిలోమీటర్ల హద్దు దాటి నడిపాడని ఎవరో ఫిర్యాదు చేశారు. అధికారి రోడ్డు మీద పడిన టైరు చార కొలిస్తే ఇరవై మీటర్లు వచ్చింది. చక్రాలు జారినంత మేరా రాపిడి చేసిన పని ఎంతో, బస్సు పోగొట్టుకున్న గతిశక్తి అంత. ఆ లెక్కన వేగం యాభై అయిదని తేల్చాడు.

డిపోలో టైర్లు మార్చే, అందరూ పిన్నీ అని పిలిచే ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"సారూ, ఇది ఒక్క చక్రం గీసిన చార కాదండీ. వెనక చక్రం మొదలుపెడితే ముందు చక్రం ముగించింది. ఆ రెంటికీ మధ్య ఆరు మీటర్లుంటుంది. ఏ చక్రమైనా జారింది పద్నాలుగే."

అధికారి మళ్లీ లెక్క వేశాడు. నలభై ఆరు వచ్చింది.

"నా పొట్టకూడు నిలబెట్టావు పిన్నీ," అన్నాడు డ్రైవరు.

"సర్లే, నా నడుం విరగ్గొట్టావు. ఆరు టైర్లూ ఒకేచోట అరిగిపోయాయి, మార్చాలి."

డ్రైవరు చొక్కా చేతులు మడిచాడు. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, లేవనివ్వకుండా ఆరూ తనే విప్పి మార్చాడు.