అనుమతి నీకు ఇచ్చినాను అల్లుడా

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అన్న కూతురు బెంగళూరు నుంచి ఫోను చేసింది. ఆ పిల్ల అక్కడ ఏదో కంప్యూటర్ కంపెనీలో పని చేస్తుంది. వారమంతా ఏసీ గదిలో కూర్చోవడం, సెలవు రాగానే చెట్ల కింద పడుకోవాలని తపించిపోవడం. చెకుముకితో నిప్పు రాజేసుకోవడం, ఆకులూ కొమ్మలతో గుడిసె కట్టుకోవడం, మూడు రాళ్ల పొయ్యి మీద వండుకోవడం, వీటన్నిటినీ కలిపి బుష్‌క్రాఫ్ట్ అంటారట. దానికి క్లాసులు కూడా ఉన్నాయట. "చిన్నాయనా, తుంబలహళ్లి పక్కన చిన్నమ్మ వాళ్ల మామకు పెద్ద తోపు ఉంది కదా, ఆడ క్యాంపు వేసేదానికి పర్మిషన్ అడిగి పెట్టు. నేను ఫోన్ చేస్తే ఆయన కొడుకు బాగానే మాట్లాడినాడు గానీ, మీ ఫ్రెండ్స్ ఏ ఊరు, ఏ వీధి, ఎవురింటి బిడ్డలు అని ఒకటే అడుగుతా ఉండాడు. చెట్టు కింద పడుకునేదానికి వీధి ఏమిటికి చిన్నాయనా?" అంది. అప్పుడే తాగిన కాఫీ నా నోట్లో చేదెక్కింది. ఆ తోపు వద్దమ్మా, వేరే చోటు చూసి పెడతానన్నాను. ఎందుకని అడిగింది. ఫోనులో చెప్పేది కాదని పెట్టేశాను. దానికి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

నేను కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేరి, ఫోర్‌మన్‌గా దిగిపోయినవాణ్ణి. పాలక్కోడు నుంచి పెన్నాగరం దాకా మేము ఎక్కని స్తంభం లేదు. మేము అంటే నేనూ, నా జోడూ. మా పనిలో ఒంటరిగా ఎవరినీ పంపరు, ఒకడు పైన ఉంటే ఇంకొకడు కింద ఉండాలి. మేముండేది తమిళ గడ్డ, ఆఫీసంతా తమిళం. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం మేమిద్దరమే కావడంతో మొదటి రోజే కలిసిపోయాం. నా ఊరు వెల్లిచందై పక్కన, ఆయనది పెన్నాగరం దగ్గర ఒక కాలనీ. మా వైపు కాలనీ అంటే ఊరికి ఎడంగా పెట్టిన వాడ అని అందరికీ తెలుసు, మళ్లీ చెప్పక్కర్లేదు. ఆయనకు తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాదు. నాకు మా అమ్మ నేర్పింది కాబట్టి వచ్చు. గాలివానలకు లైను తెగితే ఎక్కడ చీకటి పడితే అక్కడే మా పడక. తడికట్టెలతో మంట పెట్టడం, మోదుగాకులతో విస్తరి కుట్టడం, చీమలకు అందకుండా సంగటి ముద్దను కొమ్మకు వేలాడగట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. జీతం ఇచ్చి మరీ సర్కారు మా చేత బుష్‌క్రాఫ్ట్ చేయించిందని మా పిల్ల చెప్పేదాకా తెలియలేదు.

ఉద్యోగం అయిపోయాక ఇద్దరికీ ఇంట్లో నిద్ర పట్టని జబ్బు పట్టుకుంది. ఫ్యాను గాలి గాలిలా ఉండదు, పరుపు మీద నడుం నిలవదు. నెలకోసారి ఎక్కడైనా చెట్ల కింద ఒక రాత్రి గడుపుదామనుకున్నాం. పాత అలవాటు కొద్దీ అడవిలోకే వెళ్లబోతే, ఎదురుపడిన గార్డు చాలా మర్యాదగా, ఏనుగులు తిరుగుతున్నాయి, రాత్రి ఉండేదానికి కుదరదు, సొంత పట్టా తోపులైతే వాటి యజమానులను అడుక్కోండి అన్నాడు. అప్పుడు మొదలైంది మా తిరుగుడు. మొదటి ఆసామి మమ్మల్ని పైనుంచి కింది దాకా చూసి, "పుదయల్ తవ్వేవాళ్లు మాదిరి ఉండారే" అన్నాడు. పుదయల్ అంటే మా వైపు పాతిపెట్టిన నిధి. మా దగ్గర మట్టి సట్టి, చారెడు రాగిపిండి తప్ప గడ్డపార లేదని సంచి విప్పి చూపించినా నమ్మలేదు. ఇంకొకాయన మేము తాగడానికి వచ్చామనుకుని, తనకూ కొంచెం పోస్తే అభ్యంతరం లేదన్నాడు. మేము తాగమని తెలిశాక ఆయనకు మా మీద అనుమానం ఎక్కువైంది. తాగకుండా, తవ్వకుండా, ఊరికే చెట్టు కింద పడుకోవడానికి వచ్చిన ముసలివాళ్లను ఎవరు మాత్రం నమ్ముతారు!

చివరికి మా ఆవిడే, "మా మేనమామ తోపు ఉండగా ఊరంతా తిరిగేదేమిటికి?" అంది. ఆయన మంచితనం గురించి మా ఇంట్లో రెండో మాట లేదు. ఉతికిన తెల్ల చొక్కా, నుదుట గంధం, నోట్లో ఎప్పుడూ ఆకువక్క. ఎవరు వెళ్లినా తినకుండా పంపడు. నేను వెళ్లి అడిగితే చెయ్యి పట్టుకుని, "ఇదేమి అల్లుడా, మన తోపుకు నువ్వు అడగాల్నా? ఎన్ని దినాలైనా ఉండు" అన్నాడు. నాతో నా జోడు కూడా వస్తాడు మామా, ఇద్దరం కలిసి పని చేసినవాళ్లం అన్నాను. "రానీ, రానీ. నీ స్నేహితుడంటే మాకూ బిడ్డే" అన్నాడు. ఆ మాటకు నా కళ్లు చెమర్చినంత పని అయింది.

తోపు నిజంగానే గొప్పది. కొండ దిగువన వేపలూ కానుగలూ, వంక పొడుగునా వెదురు. అప్పుడే కానుగ పూత రాలుతోంది. నేలంతా పేలాలు చల్లినట్టుంది. బావి పక్కన నీళ్ల తొట్టి, దాని గట్టు మీద మాకోసమని మామ పెట్టించిన ఇత్తడి చెంబు, ఒక నులక మంచం, రెండు ఈతచాపలు. సాయంత్రం మేమిద్దరం తొట్టి దగ్గర నీళ్లు పోసుకున్నాం. ఆ తొట్టి మీద వాలి కాకులు మునకలేశాయి, పశువులు మూతులు పెట్టాయి, కాపలా కుక్క ముందుకాళ్లు ఎత్తి గట్టు మీద పెట్టి కడుపు నిండా నాకింది. ఇది గుర్తుపెట్టుకోండి. నా జోడు బూరుగుదూది మీద చెకుముకి కొట్టి మంట రాజేశాడు. సంగటి, వంకాయ పులుసు. పనిలో ఉన్నప్పుడు ఇట్లాంటి చోటు దొరికి ఉంటే బదిలీ అడిగేవాళ్లమే కాదనుకుంటూ ఆ చాపల మీదే హాయిగా నిద్రపోయాం.

తెల్లవారి మామే స్వయంగా క్యారియర్‌తో వచ్చాడు. ఇడ్లీ, వేరుశెనగ చట్నీ. మేము తింటుంటే ఎదురుగా కూర్చుని నా జోడును పలకరించాడు.

"ఏ ఊరప్పా మనది?"

"పెన్నాగరం పక్కన."

"పెన్నాగరం పక్కన అంటే? అక్కడ మనవాళ్లు శానామంది ఉండారు. ఎవురింటి పక్క?"

నా జోడు తినడం ఆపి, ఆయన కళ్లలోకి చూసి తన కాలనీ పేరు చెప్పాడు. మామ ముఖంలో ఒక్క గీత కదల్లేదు. "మంచిది, మంచిది. ఇంకో ఇడ్లీ వేసుకో" అన్నాడు. మేము చేతులు కడుక్కుని లేచాక గట్టు మీది ఇత్తడి చెంబు వైపు చూపించి, "అది నువ్వే తీసుకుపో అప్పా. మా తోపుకు వచ్చిన గుర్తుగా ఉండనీ" అన్నాడు. ఎంత దొడ్డ మనసు అనుకున్నాను. నా జోడు చెంబు తీసి సంచిలో పెట్టుకున్నాడు.

బస్సు ఆగే చోటుకు చేరాక చూసుకుంటే నా కళ్లజోడు లేదు. నా జోడును అక్కడే కూర్చోబెట్టి ఒక్కణ్ణే వెనక్కి వచ్చాను. కంచె దగ్గరికి రాగానే ఈతాకు కాలిన వాసన. మేము పడుకున్న చాపలు రెండూ మండుతున్నాయి. జీతగాడు తొట్టిలోని నీళ్లన్నీ తోడి పారబోసి లోపల దిగి పీచుతో తోముతున్నాడు. ఇంకొక ఆడమనిషి మేము కూర్చుని తిన్న చోట పేడ నీళ్లు చల్లి అలుకుతోంది. మామ తుండుగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి, "ఆ మూల, ఆ మూల ఇంకొంచెం రుద్దు" అని చెప్తూ మధ్యమధ్య తుపుక్కున ఎర్రగా ఉమ్మేస్తున్నాడు. అలికిన చోటుకు అటుపక్కనే పడింది ఆ ఉమ్ము.

నన్ను చూసి తడబడ్డాడేమో అనుకుంటున్నారా? లేదు. నవ్వాడు. "కళ్లజోడా? అదిగో, మంచం మీద ఉంది" అన్నాడు.

"ఏంది మామా ఇది?"

"తప్పుగా తీసుకోవద్దు. అనుమతి నీకు ఇచ్చినాను అల్లుడా. నీతో వచ్చేది ఎవురో నువ్వు చెప్పినావా? అయినా ఆయన్ని నేను ఒక్క మాట అన్నానా? టిఫిన్ పెట్టినాను, చెంబు ఇచ్చినాను, మర్యాదగా పంపించినాను. ఆయన పోయినాకే కదా కడిగిస్తా ఉండేది. మనసు నొప్పించేది మన ఇంట్లో లేదు."

ఆ చివరి మాట ఎంత తృప్తిగా అన్నాడో చెప్పలేను. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టినవాడితో పోట్లాడొచ్చు. పెట్టిన ఇడ్లీలూ, ఇచ్చిన చెంబూ, ఆరిపోని ఆ నవ్వూ, వీటితో ఎట్లా పోట్లాడాలి?

"ఆ చెంబుతో నేనూ తాగినాను మామా. ఆ చాప మీద నేనూ పడుకున్నాను. మరి నన్నేమి చేస్తావు? తోమిస్తావా, కాల్పిస్తావా?"

"నువ్వు మా బిడ్డవి కదా. ఇంటికి పోయి తలకు పోసుకో, సరిపోతుంది."

కంచె పట్టుకుని వంగాను. తిన్నదంతా అక్కడే కక్కేశాను. ఆయన గబగబా వచ్చి, "ఏమైంది అల్లుడా, పైత్యమా? ఎండన పడి నడిచి వచ్చినావు" అంటూ నా వీపు నిమరబోయాడు. ఆకువక్క వాసన, గంధం వాసన, కాలుతున్న చాప వాసన, అన్నీ కలిసి నా మీదికి వచ్చాయి. "ముట్టుకోవద్దు మామా" అన్నాను. అట్లాంటి మాట నా నోట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

బస్సు దగ్గర నా జోడు కాలు మీద కాలేసుకుని బఠాణీలు నములుతున్నాడు. నా ముఖం చూసి, "కడిగిస్తా ఉండాడా?" అన్నాడు.

"నీకెట్లా తెలుసు?"

"చెంబు ఇచ్చినాడు కదప్పా. ఇంత బరువు ఇత్తడి ఊరికే ఎవురిస్తారు?"

అది తీసి వంకలో విసిరెయ్యి అన్నాను. నేనే సంచిలో చెయ్యి పెట్టబోయాను. ఆయన సంచిని తన వైపుకు లాక్కున్నాడు. "ఏమిటికి విసిరేసేది? చెంబు ఏం చేసింది? మా ఇంటామె చింతపండు వేసి తోమితే బంగారం మాదిరి ఉంటాది" అన్నాడు. కొంచెంసేపు బఠాణీలు నమిలి, మళ్లీ అన్నాడు: "ఒకటి చెప్తాను, ఇను. ఇంక చోటు నేను అడుగుతాను. నా పేరు, నా వీధి ముందే చెప్పి అడుగుతాను. ఇష్టముంటే ఇస్తారు, లేకుంటే లేదు. నువ్వు అడిగిన చోటికి నీ వెంట నేను వచ్చేది వద్దు."

ఇంట్లో మా ఆవిడకు చెబితే మొదట నమ్మలేదు. ఆమెను చిన్నప్పుడు భుజాన ఎత్తుకుని జాతరలకు తిప్పిన మేనమామ మరి. రెండు మూడు వారాలు గడిచాయి. ఒకరోజు ఆయనే మనవరాలి పెండ్లి పత్రిక తీసుకుని వచ్చాడు. మా ఆవిడ కుర్చీ వేసింది, క్షేమం అడిగింది, లోపలికి పోలేదు. వీధి చివరి అంగడి నుంచి పేపర్ కప్పులో టీ తెప్పించి ఆయన ముందు పెట్టింది. "తాగి ఆ బుట్టలో వేసేయి మామా" అంది. ఆయన కప్పు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. మొత్తం తాగాడు. తానే లేచి కప్పు బుట్టలో వేశాడు. "మంచిది తల్లీ, పోయొస్తాను" అన్నాడు అదే నవ్వుతో. సిగ్గుపడ్డాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. పెండ్లికి మేము పోలేదు.

నా జోడు అన్నంత పనీ చేశాడు. ఎక్కడికి పోయినా ముందు వీధి పేరు చెప్పి, తరువాత అనుమతి అడిగేవాడు. ఆ రోజుల్లో పెన్నాగరం పక్క తోపుల్లో పాములు ఉన్నట్టుండి విపరీతంగా పెరిగిపోయాయి. ఆయన నోరు తెరిచి వీధి పేరు చెప్పేదాకా ఒక్క పామూ ఉండేది కాదు; చెప్పగానే ప్రతి చెట్టు కిందా ఒకటి. ఒక ఆసామికైతే అప్పటికప్పుడు అన్నదమ్ముల వ్యాజ్యం కూడా గుర్తుకొచ్చింది. విని విని నాకే విసుగు పుట్టి, పోనీలే, ఇంటి మిద్దె మీద పడుకుందాం అన్నాను. ఆయన మాత్రం మానలేదు.

చివరికి ఒక సాయంత్రం రాళ్ల చేను ఒకటి కనబడింది. గట్టున చింతలు, లోపల వేపలు, మధ్యలో మేకలు. ఆ చేను ఒక నడివయసు ఆడమనిషిది. మొగుడు పోయినాక తానే సాగు చేసుకుంటోంది. మేకలకు రొట్ట నరుకుతూ మా మాట వింది. నా జోడు పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, వీధి చెప్పాడు. ఆమె కొడవలి ఆపకుండా, "అదంతా నాకేమిటికి? ఎండాకాలం. పోయేటప్పుడు నిప్పు ఆర్పి పోతారా, లేదా? అది చెప్పు" అంది.

నా జోడు భుజం మీది సంచి దించి కింద పెట్టాడు. తరువాత, "ఆర్పి, నీళ్లు పోసి, బూడిదలో చెయ్యి పెట్టి చూసి పోతామమ్మా" అన్నాడు.

"అట్లయితే ఉండండి. మేకలను మాత్రం బెదరగొట్టొద్దు."

ఇప్పటికీ అక్కడికే పోతున్నాం. ఈ మధ్య ఇద్దరికీ మోకాళ్లు సహకరించడం లేదు. కింద కూర్చుంటే లేవడానికి ఒకరికొకరం చెయ్యి అందించుకోవాలి. ఏళ్లు గడిచేకొద్దీ నాకు చాలా కోపాలు చల్లారాయి, కొన్ని ఎవరి మీద వచ్చినవో కూడా మరిచిపోయాను. కంచె పట్టుకుని వంగిన ఆనాటి రోత మాత్రం, నేనింత ముసలివాణ్ణయినా, తాను ఒక్క రోజు కూడా ముసలిది కాలేదు.