కిటికీ పక్క కుర్చీ కోసం ఒక వాలై

రోజూ పొద్దున్నే, చొక్కా గుండీలైనా పెట్టుకోకముందే, వెర్లిన్ హాగ్‌డాల్ పెరటి మెట్లు దిగి నదిలోకి ఒక పుల్ల విసురుతాడు. అది ఎటు పోతుందో, ఎక్కడ ఆగి తిరుగుతుందో చూసి, తనలో తానే తలాడించుకుని లోపలికి వస్తాడు. పక్కింటి కుక్క మొదట్లో ఇదంతా తన కోసమే అనుకుంది. రెండుసార్లు ఈదుకెళ్లి పుల్ల తెచ్చిచ్చింది కూడా. వెర్లిన్ దానికి థాంక్స్ చెప్పి, అది వెళ్లేదాకా ఆగి, మళ్లీ విసిరాడు.

ఈ అలవాటు మొదలైంది ఆయన అరవై ఆరో ఏట. అంతకుముందు జీవితమంతా మిన్నెసోటాలో ఒకే సరస్సు ఒడ్డున గడిచింది. బడి బస్సు నడిపాడు, సెలవుల్లో వాలై చేపలు పట్టాడు. ఆ సరస్సులో వాలై పట్టడంలో వెర్లిన్ తర్వాతే ఎవరైనా అని ఊరంతా అనేది. ఆయన మాత్రం "ఏదో, ఫర్వాలేదు" అనేవాడు. భార్య పోయిన కొన్నేళ్లకు ఒక చర్చి విందులో, బంగాళదుంపల పళ్లెం దగ్గర, హెల్మి పరిచయమైంది. ఆమె కూడా భర్తను పోగొట్టుకున్న మనిషి. ఫిన్నిష్ కుటుంబం, ఉత్తరాన నది ఒడ్డు ఊరు. పెళ్లయ్యాక వెర్లిన్ తన పడవను ట్రైలర్‌కి కట్టుకుని ఆమె ఇంటికి మారాడు.

ఆ ఇంట్లో అన్నీ బాగున్నాయి, ఒక్క కుర్చీ తప్ప.

వంటగది బల్ల చుట్టూ నాలుగు కుర్చీలు. ఒకటి హెల్మిది. ఇంకోటి రోజూ పొద్దున్న కాఫీకి వచ్చే ఆమె తమ్ముడు ఈరోది. మూడోదాంట్లో పిల్లి. నాలుగోది కిటికీ పక్కన, నది కనపడేలా, ఎప్పుడూ ఖాళీ. దాని పైన గోడ మీద హెల్మి మొదటి భర్త ఆర్వో ఫోటో. ఫోటోలో ఆర్వో, చేతుల్లో చంటిబిడ్డంత వాలై, వెనక ఇదే నది.

ఆ కుర్చీలో కూర్చోవద్దని వెర్లిన్‌కి ఎవరూ చెప్పలేదు. కూర్చోమనీ చెప్పలేదు. వెర్లిన్‌లా నార్వే వాళ్లింట పుట్టినవాడు చెప్పందే కూర్చోడు, కూర్చోవచ్చా అని అడగడు. కాఫీ కప్పు పట్టుకుని ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడేవాడు. అలా నిలబడీ నిలబడీ ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. ఈ నదిలో వాలై పట్టి ఈ బల్ల మీద పెట్టినవాడిదే ఆ కుర్చీ. అందాకా తాను ఈ ఇంట్లో చుట్టమే.

మే నెల వచ్చింది. చేపల వేట మొదలయ్యే శనివారానికి ముందురోజు, ఈరో కాఫీ ముగించి లేచాడు. మాట ఖర్చు పెట్టాలంటే ప్రాణం పోయే మనిషి ఈరో.

"రేపు నాతో రా. నది చూపిస్తా."

వెర్లిన్ గుండె గంతేసింది. పైకి మాత్రం, "అబ్బే, నీకెందుకు శ్రమ," అన్నాడు.

ఈరో తలూపి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

వెర్లిన్ వాళ్లలో పద్ధతి వేరు. మొదటిసారి పిలిస్తే వద్దనాలి. రెండోసారికి "నీకు ఇబ్బందేమో" అని నసగాలి. మూడోసారికి "మరీ అంతగా అంటున్నావు కాబట్టి" అని బయల్దేరాలి. అందుకని శనివారం తెల్లవారకముందే రబ్బరు బూట్లు తొడుక్కుని, శాండ్‌విచ్‌ల డబ్బా ఒళ్లో పెట్టుకుని, రెండో పిలుపు కోసం వాకిట్లో కూర్చున్నాడు. ఈరో పికప్ ఆ ఇంటి ముందునుంచే వచ్చింది. ఈరో స్టీరింగ్ మీదనుంచి రెండు వేళ్లెత్తి పలకరించాడు. బండి ఆగలేదు.

సరే, నీళ్లు ఎక్కడైనా నీళ్లే కదా అనుకుని వెర్లిన్ ఒంటరిగా పడవ దింపాడు.

సరస్సు మీద ఆయన పేరంతా సన్న సీసం వల్ల వచ్చింది. గాలానికి మినపగింజంత సీసపు గుండు కట్టి, ఎర చేపను నీళ్ల అడుగుదాకా మెల్లిగా జార్చేవాడు. నదిలో ఆ మినపగింజ అడుగు ముఖం చూడలేదు. ప్రవాహం దాన్ని ఎగరేసుకుపోయి, ఒరిగిన చెట్ల కొమ్మలకు అప్పజెప్పింది. పడవ నిలవట్లేదని లంగరు వెనకనుంచి వేశాడు. సరస్సు మీద లంగరు ఎటునుంచి వేసినా అడిగేవాడుండడు. నది అడిగింది. పడవ వెనక భాగం కిందికి లాక్కుపోయి, నీళ్లు ఎగిరొచ్చి నేరుగా శాండ్‌విచ్‌ల డబ్బాలో పడ్డాయి.

ఒడ్డున మడత కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో ఒకాయన అరిచాడు. "చెరువాయనా! లంగరు ముందునుంచెయ్యి! నువ్వు చేపల్ని పట్టడానికొచ్చావా, వాటికి తిండి పెట్టడానికొచ్చావా?"

"ఫర్వాలేదు, బాగానే ఉంది!" అన్నాడు వెర్లిన్, టోపీతో నీళ్లు తోడుతూ.

సాయంత్రం హెల్మి అడిగింది. "ఎలా ఉంది?"

"ఫర్వాలేదు."

"ఏమన్నా పడ్డాయా?"

"చెట్లు పడ్డాయి."

వారం తిరిగేసరికి చెట్లు కాక ఒక పాత బూటు, ఎవరిదో గాలపు కర్ర కూడా పడ్డాయి. ఊళ్లో అందరూ "చెరువాయన" అనే పిలవసాగారు. వెర్లిన్‌కి కాఫీ సయించడం మానేసింది. చివరికి హెల్మి గిన్నెలు తోముతూ ఉండబట్టలేక అంది. "ఈరోతో వెళ్లొచ్చుగా? పిలిచాడుగా!"

"మళ్లీ పిలవలేదు."

"నువ్వు రానన్నావుగా!"

"ఒక్కసారే కదా అన్నాను!"

హెల్మి చేతిలోని గిన్నె కింద పెట్టి, ఆయన్ని ఎగాదిగా చూసింది. "మావాళ్లు ఒక్కసారే పిలుస్తారు, వెర్లిన్. కాదంటే కాదనే అనుకుంటారు. నువ్వు రానన్నావని వాడు రెండు రోజులు మాట్లాడలేదు."

"అతను మాట్లాడట్లేదని నాకు తెలియలేదే."

"అదీ నిజమేలే."

మర్నాడు వెర్లిన్ ఈరో వాకిట్లోకి వెళ్లాడు. నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం కంటే పన్ను పీకించుకోవడం ఆయనకు తేలిక.

"ఈవేళ గాలి అంతగా లేదు," అన్నాడు.

"లేదు," అన్నాడు ఈరో.

"ఎవరన్నా పడవ వేసుకెళ్లేవాళ్లుంటే... ఒకవేళ అందులో చోటుంటే... లేకపోయినా ఫర్వాలేదనుకో..."

"వస్తావా, రావా?"

"వస్తాను!" అన్నాడు వెర్లిన్. పుట్టి బుద్ధెరిగాక మొదటి పిలుపుకే ఒప్పుకోవడం అదే మొదలు. చెవులు ఎర్రబడ్డాయి.

పడవలో ఈరో ఆయన గాలం అందుకుని, సీసం చూసి, "ఇదేంటి, చెవిపోగా?" అని కత్తిరించి జేబులో వేసుకున్నాడు. రేగిపండంత గుండు కట్టాడు. వెర్లిన్‌కి బట్టలు విప్పినంత సిగ్గేసింది. సరస్సు మీద అలాంటిది వాడితే పిల్లలు కూడా నవ్వుతారు. తర్వాత ఈరో ఒక పుల్ల తీసి నీళ్లలోకి విసిరాడు. పుల్ల జోరుగా పోయి, మలుపు దగ్గర బండరాయి దాటగానే తడబడి, వెనక్కి తిరిగింది.

"వాలై సోమరిది," అన్నాడు ఈరో. "పరిగెత్తే నీళ్లలో ఉండదు. పక్కన నెమ్మది నీళ్లలో నిలబడి, ఎవరన్నా వడ్డిస్తారేమోనని చూస్తుంది."

"నాలాగన్నమాట," అన్నాడు వెర్లిన్.

ఈరో మొదటిసారి నవ్వాడు. "పుల్ల తిరిగిన చోట వెయ్యి."

వేశాడు. సీసం అడుగును తాకింది. ఎత్తాడు, తాకించాడు, ఎత్తాడు. ఈసారి ఎత్తబోతే దారం బరువుగా ఉంది. మళ్లీ చెట్టేనని నిట్టూర్చాడు. చెట్టు తలాడించింది. వెర్లిన్ గొంతులోంచి, ఆయనకే తెలియని ఒక కేక వచ్చింది.

ఆర్వో చేపంత కాదు, అందులో సగం. అయినా వెర్లిన్ దాన్ని వంటగదిలోకి తెచ్చి బల్ల మధ్యలో పెట్టాడు. హెల్మి చేతులు తుడుచుకుంటూ "అబ్బో!" అంది. ఈరో తన కుర్చీలో కూర్చున్నాడు. వెర్లిన్ ఫోటోలో ఆర్వో వైపు ఒకసారి చూసి, టోపీ తీసి, కిటికీ పక్క కుర్చీ దగ్గరికి నడిచి, నిండుగా కూర్చున్నాడు.

కుర్చీ కాలు ఫట్‌మని ఊడింది. వెర్లిన్ వెల్లకిలా నేల మీద, బూట్లు గాల్లో. పిల్లి బల్ల ఎక్కింది, చేప దగ్గరికి.

"దాంట్లో ఎందుకు కూర్చున్నావు?" అని హెల్మి పరిగెత్తుకొచ్చింది. "దాని కాలు ఆర్వో ఉండగానే విరిగింది, ఊరికే ఆనించి పెట్టాం!"

"మరి చెప్పలేదేం?" అన్నాడు వెర్లిన్ కిందనుంచే.

"నువ్వు అడగలేదుగా! ఎప్పుడూ నిలబడే తాగుతుంటే నడుం నొప్పేమో, అడిగితే బాధపడతావేమో అనుకున్నాను." ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "వీడు బాగుచేస్తానన్నాడు, ఆర్వో ఉన్నప్పుడు."

"చేస్తానన్నాను," అన్నాడు ఈరో, పిల్లి నోటినుంచి చేపను విడిపిస్తూ. "ఇప్పటికీ అదే అంటున్నా."

చేపను బిస్కట్ల పొడిలో దొర్లించి వేయించారు. వెర్లిన్ తన వాటా ఫ్రిజ్‌కి ఆనుకునే తిన్నాడు. ఈసారి నిజంగానే నడుం నొప్పి.

ఇప్పుడు వెర్లిన్‌కి అరవై తొమ్మిదేళ్లు. కిటికీ పక్కన, సరస్సు ఇంటినుంచి తెప్పించుకున్న ఆయన సొంత కుర్చీ ఉంది. అందులో పిల్లి పడుకుంటుంది. వెర్లిన్ పిల్లి పాత కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతాడు.