గీత అవతల మోగిన ఫోను

2024 లోక్‌సభ ఎన్నికలకు నన్ను మా దీవుల్లో మాయాబందర్ దగ్గర ఒక పోలింగ్ కేంద్రానికి ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేశారు. కేంద్రంలో జరిగే ప్రతిదానికీ జవాబుదారీ ఆ అధికారే. నేను ఆ దీవుల్లోనే గోల్ ఘర్‌లో పుట్టి హిందీ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు చదవడం లైబ్రరీలో కూర్చుని సొంతంగా నేర్చుకున్నాను. చదివే అలవాటు కొద్దీ ఎన్నికల చేతిపుస్తకం కూడా అట్ట నుంచి అట్ట దాకా చదివే వెళ్లాను. కేంద్రానికి వంద మీటర్ల లోపు ఓటరు సెల్‌ఫోను తేకూడదు. ఆ హద్దును సున్నంతో గీయించాను.

ఉదయం గీత దగ్గర గొడవ వినిపించింది. మొదటి పోలింగ్ అధికారికి బాధ్యత అప్పగించి బయటికి వెళ్లాను. నూకాలమ్మ అనే జాలరి స్త్రీ ఫోనును కొంగులో చుట్టుకుని కానిస్టేబుల్‌తో వాదిస్తోంది. భర్త సింహాచలం పడవ ముందురోజే రావాలి, రాలేదు. నడిసముద్రంలో సిగ్నల్ ఉండదు. కొండ మలుపు దగ్గర కాసేపు దొరుకుతుంది. అక్కడికి రాగానే ఇంటికి ఫోను చేయడం ఆ పడవల ఆనవాయితీ.

"ఆయన గొంతు నేను వినాల బాబూ. కాదంటే ఓటు మానుకుని పోతాను," అంది.

ఫోను లోపలికి రాదని చెప్పాను. కబురు రావచ్చన్నాను. అప్పటికే ఓటేసిన పొరుగింటి పైడితల్లి గీత అవతల ఫోను పట్టుకుంది. అది మోగితే వరుసలోని ఆడవాళ్లు మెల్లగా ఒకరికొకరు చెప్పుకుంటూ గుమ్మం దాకా కబురు అందించాలి.

"మా నోళ్లకి సిగ్నల్ ఎప్పుడూ ఫుల్లే సారూ," అంది వరుసలోని ఒక ముసలామె. అందరూ జరిగి నూకాలమ్మను ముందుకు పంపారు.

ఆమె రిజిస్టరులో వేలిముద్ర వేసి, వేలికి సిరా పెట్టించుకుంది. అప్పుడే వరుసంతా గుసగుసలాడింది. ముసలామె గుమ్మంలోంచి వంగి, "నీ మొగుడే! లైన్లో ఉన్నాడు," అంది.

రిజిస్టరులో ముద్ర పడ్డాక ఓటు వేయకుండా వెళ్లిపోతే నిరాకరించినట్టు రాయాలి, మళ్లీ అవకాశం ఉండదు. ఆ మాటే ఆమెకు చెప్పాను. నూకాలమ్మ కళ్లు తుడుచుకుంది.

"ఉండమను. నిన్నట్నుంచి నేనుండలేదా?"

ఆ మాట వరుస వెంట వెనక్కి వెళ్లింది. ఆమె ఓటు యంత్రం పెట్టిన అట్టల మరుగుకు నడిచింది. యంత్రం బీప్‌మనగానే బయటికి పరుగెత్తింది. ఇంజను చెడి ఆలస్యమైందట. ముందు బాగా తిట్టి, తర్వాతే ఏం తిన్నావని అడిగిందని పైడితల్లి నాకు చెప్పింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ నియమం చదివినా అది దేన్ని ఆపుతుందో చూసి, దేన్ని ఆపదో కూడా వెతికేవాణ్ణి.