ఓటికుండలో తోటకూర

నా చిన్నప్పుడు, తమ్ముడు పుట్టిన రెండో నెలలో, పొద్దు గూకితే మా అమ్మకు కళ్లు కనిపించడం మానేశాయి. పగలంతా బాగానే ఉండేది. జొన్నలు విసిరేది, రొట్టెలు కొట్టేది. దీపాల వేళ అయ్యేసరికి గోడ పట్టుకుని నడిచేది. ఒక సాయంత్రం తమ్ముడు ఏడుస్తుంటే వాడి పక్కన చుట్టిపెట్టిన గొంగడిని ఎత్తుకుని జోకొట్టింది. నేను పకపకా నవ్వాను. ఎనిమిదేళ్ల దాన్ని, నవ్వొచ్చింది. అమ్మ మాత్రం గొంగడిని మెల్లగా కింద పెట్టి, చేతులతో తడుముతూ వాడికోసం వెతికింది. ఆ నవ్వుకు ఈ వయసులోనూ సిగ్గుపడతాను.

మంత్రసాని వచ్చి చూసి రేచీకటి అంది. "బాలింతకు ఆకుకూర లేక గిట్లయింది. రోజూ తినిపియ్యుండ్రి. లేకుంటే పగటి సూపు గూడ పోతది" అని చెప్పి తన దారిన తాను పోయింది. చెప్పడం ఎంత తేలిక! అది వరుసగా రెండో ఏడు వానలు ఎగ్గొట్టిన కాలం. మా ఊరు వనపర్తికి ఒక పూట నడక. బావిలో రాళ్లు తేలాయి. వాగు ఇసుకలో చెలిమె తోడితే ఇంటికి రోజూ మూడు కడవలు వచ్చేవి. ఒకటి తాగడానికి, ఒకటి వంటకు, ఒకటి బర్రెకు. దవాఖాన వనపర్తిలో ఉంది గానీ ఎడ్లను అప్పటికే అమ్మేశాం. నాయిన కూలి వెతుక్కుంటూ రాయచూరు వైపు పోయాడు. ఇంట్లో మిగిలింది మా నాయనమ్మ, అమ్మ, నేను, చంటివాడు.

మా వీధి చివర కుమ్మరి తాత ఉండేవాడు. నోరు కాస్త దురుసే గానీ చెయ్యి మంచిది. ఓ రోజు కొత్త కడవ ఇవ్వడానికి వచ్చి, నాయనమ్మ నోట అమ్మ సంగతి విన్నాడు. నేరుగా మా పెంటదిబ్బ దగ్గరికి పోయి మూడు పగిలిన కుండలు పట్టుకొచ్చాడు. అవి తమ్ముడి పురుటివి. పురుడు వెళ్లిన రోజు ఇంట్లో వాడిన మట్టి కుండలన్నీ బయట పారేసి కొత్తవి తెచ్చుకోవడం మా వైపు ఆచారం. నాయనమ్మ గయ్యిమంది.

"పురిటి కుండలు మళ్ల ఇంట్లకా? నీకేమన్న మతి ఉన్నదా?"

"ఇంట్లకు ఎవరు తెస్తున్నరమ్మా? పెరటి గోడ అవతల పెడ్త. మన్ను మైలపడతదా యాడనన్న?"

నాయనమ్మ గొణుక్కుంటూ లోపలికి పోయింది. తాత గోడ అవతల బండల మీద కుండలు నిలబెట్టి, పెంటమన్ను నింపాడు. ఒక్కో కుండ నడుమ గురిగిని, అంటే చిన్న మట్టి పిడతను, మెడదాకా పాతాడు. చుట్టూ తోటకూర విత్తనాలు చల్లి, మేకలు రాకుండా ముళ్లకంప అడ్డం పెట్టాడు. మొలక వచ్చేదాకా రోజూ తానే వచ్చి ఇన్ని నీళ్లు చిలకరించి పోయేవాడు. మొలకలు నాలుగాకులు వేశాక కుండలు నాకు అప్పగించాడు.

"గురిగి ఎండితే గురిగి నింపు. మొక్కకు మాత్రం పొయ్యకు. మన్ను చెమట పట్టినట్టు గురిగి నీళ్లు ఇడుస్తది, మొక్క దానికెంత కావాలెనో గంతే తాగుతది. పైన పెంకు మూసిపెట్టు. ఇగ నీకేం పని లేదు పోరీ."

పని లేదన్న మాటే నాకు గిట్టలేదు. అమ్మ కళ్ల కోసం నేను చేయగలిగింది ఆ మూడు కుండలు చూసుకోవడం ఒక్కటే. అందులోనూ పని లేదంటే ఎట్లా? మధ్యాహ్నం పోయి చూస్తే ఆకులు వడిలి వేలాడుతున్నాయి.  తాగే కడవలోంచి ఎవరూ చూడకుండా చెంబెడు ముంచుకుపోయి కుండల్లో పోశాను. రెండు కుండల అడుగు పగుళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. చెలిమె దగ్గర చెంబెడు నీళ్లకు ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటున్న రోజులవి. బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయని ఇంట్లో పుట్టిన దాన్ని, చూస్తూ ఊరుకోలేకపోయాను. పేడ, మన్ను కలిపి ఆ రెండు పగుళ్లూ గట్టిగా పూసేశాను. మూడో కుండ పగులు గోడ వైపు ఉండి నా కంట పడలేదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నమల్లా దొంగతనంగా చెంబు పట్టుకుపోయేదాన్ని.

ఆరో రోజుకు రెండు కుండల్లో మొక్కలన్నీ మొదలు నల్లబడి, జారుగా మెత్తబడి, ఒరిగిపోయాయి. ఆ సాయంత్రం అమ్మ గడపలో కూర్చుని నా అడుగుల చప్పుడు విని చెయ్యి చాపింది.

"కూర ఎంత పెరిగింది బిడ్డా?"

"బెత్తెడు" అన్నాను.

"గట్లనా. ఇంక పది రోజులైతే మాపటేళ నీ మొఖం జూస్త" అంది.

అమ్మ చూడలేదు కాబట్టి సరిపోయింది. నేను అక్కడే నిలబడి చప్పుడు లేకుండా ఏడ్చాను.

పొద్దున లేవగానే తాత ఇంటికి పోయి అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఆయన వచ్చి, నేను పూసిన పేడను గోటితో గీకి, మన్ను తీసి వాసన చూశాడు.

"పగులెందుకు మూసినవ్?"

"నీళ్లు పోతున్నయ్ తాతా."

"పోవాలెననే గద ఓటికుండలు తెచ్చింది. నీళ్లు నిలిస్తే ఏర్లు కుళ్లిపోతయ్. మంచి కుండే కావాలెనంటే నేను ఇయ్యకపోదునా?"

ఆ మధ్యాహ్నం మిగిలిన ఒక్క కుండ ముందు నన్ను కూర్చోబెట్టి, రెండు చేతుల నిండా తడి బంకమట్టి పెట్టాడు. గురిగి చెయ్యమన్నాడు. పొద్దు గూకేదాకా మట్టి కింద పెట్టొద్దని ఒట్టు వేయించుకుని పక్కన చతికిలబడ్డాడు. కాసేపటికి ఆకులు వాలడం మొదలైంది. ఒక్కొక్కటే తల దించుకుంటుంటే నాకు ప్రాణం పోయినట్టయింది. చెంబు పక్కనే ఉంది, చేతులు ఖాళీ లేవు. కారే ముక్కు తుడుచుకునే వీలు కూడా లేదు.

"తాతా, సస్తున్నయ్."

"సావయ్. ఎండకు తలకాయ దించుకున్నయ్. మనం తువ్వాల కప్పుకుంటలేమా? రేపు పొద్దుగాల గూడ గిట్లనే ఉంటే అప్పుడు దూపయి నీళ్లడుగుతున్నయనుకో."

ఎండ గోడ దిగింది. గాలి చల్లబడింది. నేను పోసిన చుక్క లేకుండానే, ఆకులు ఒకటి తర్వాత ఒకటి లేచి నిలబడ్డాయి. నా చేతిలో గురిగి వంకర మూతితో తయారై ఉంది.

"అమ్మ కండ్లు గూడ గిట్లనే వస్తయా?" అని అడిగాను.

తాత నా గురిగి వంకర మూతిని వేలితో సరిచేశాడు. "నాకు తెల్వదు బిడ్డా. కూర వండి పెట్టుడు మన చేతుల ఉన్నది. అటెన్కది మన చేతుల లేదు" అన్నాడు. పెద్దవాళ్లకు కూడా తెలియనివి ఉంటాయని నాకు ఆ రోజే తెలిసింది. భయం వేసింది.

తాత ఆ రెండు కుండల్లో మళ్లీ విత్తాడు. మిగిలిన కుండలోంచి రోజూ గుప్పెడు ఆకు తుంచి, పప్పులో వేసి అమ్మకు పెట్టేవాళ్లం. గుప్పెడాకు ఏపాటి? వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. కొత్త మొక్కలూ కోతకు వచ్చాయి. అమ్మ గోడ పట్టుకునే నడిచింది. నాయనమ్మ మొక్కని దేవుడు లేడు. నేను మధ్యాహ్నాలు ఇంత మట్టి చేతిలో పెట్టుకుని కుండల ముందు కూర్చునేదాన్ని.

ఒకనాటి మునిమాపు, ఇంకా దీపం పెట్టలేదు, పెరట్లోంచి వచ్చి గడపలో నిలబడ్డాను. నోరు తెరవలేదు. లోపల తమ్ముడికి పాలిస్తున్న అమ్మ తలెత్తింది.

"చేతులకు గా మన్నేంది బిడ్డా? కడుక్కో పో."

నా చేతులు నేను చూసుకున్నాను. మోచేతుల దాకా మన్నే. ఎంత చెప్పినా ఆ రాత్రి కడుక్కోలేదు.

అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి, నా ఇంట్లోనే పోయింది. చివరి రోజు గుటక పడటం లేదని తెలిసి కూడా నేను చెంచాతో నీళ్లు పోస్తూనే ఉన్నాను. అవి పెదవి పక్కనుంచి కారిపోతున్నాయి. మధ్యాహ్నానికి కుమ్మరి తాత గుర్తొచ్చాడు. చెంచా పక్కన పెట్టి, అమ్మ చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. పొద్దు గూకేదాకా కింద పెట్టలేదు.