సముద్రానికి డ్యూటీల ఎవరున్నరు?

పాఠక మహాశయులారా, సమస్త సముద్రాలు, ఖండాలు, మా కాలనీవాసులు నన్ను క్షమించాలి. ఇంతటి ప్రపంచ సమస్యను గోదావరిఖని క్వార్టర్ల వరండాలోకి ఈడ్చుకొస్తున్నాను. మా పక్కింటి కాక పోయిన మంగళవారం దవాఖానలో చనిపోయారు.

బొగ్గుబావిలోకి గాలి ఆడించే పెద్ద ఫ్యాన్ దగ్గర ఆయన ముప్ఫై ఏళ్లు పనిచేశారు. అది ఆగితే లోపలివాళ్లందరినీ పైకి పిలవాలి. మిగతా మాటలు తర్వాతే. రిటైరయ్యాక కూడా అన్నం ముద్ద నోటిదాకా తెచ్చి, చెయ్యి ఆపి, దూరంగా ఆ ఫ్యాన్ చప్పుడు వినేవారు. వినబడ్డాకే ముద్ద లోపలికి.

నేను డిగ్రీ చదివిన పాపానికి, ఒక ఆదివారం ఆయనకు జ్ఞానబోధ చేశాను. అట్లాంటిక్ ఉత్తరాన నీళ్లు చల్లబడి, ఉప్పు బరువుతో అడుగుకు దిగుతాయని, వాటి చోటికి దక్షిణం నుంచి వెచ్చటి నీళ్లు వస్తాయని, ఈ తిరుగుడే భూమికి వేడిని పంచుతుందని చెప్పాను. మంచు కరిగి మంచినీళ్లు కలిస్తే పైనీళ్లు తేలికై దిగవని, తిరుగుడు మందగిస్తే మన వానలు కూడా తారుమారు కావచ్చని ముగించి, మెప్పు కోసం చూశాను.

కాక మొహంలో నెత్తురు లేదు.

"అంటే సముద్రానికి సుత ఫ్యాన్ ఉన్నదన్నట్టు. డ్యూటీల ఎవడున్నడురా?"

"ఎవ్వరు లేరు కాక."

"ఎవ్వరు లేకుంటనే నడుస్తాందా! ఆగితే మందిని యాడికి పిలవాలె?"

ఆయన భార్య, మా చిన్నమ్మ, లోపల్నుంచి అందుకుంది: "నువ్వే ఎక్కు డ్యూటీ. టిఫిన్ గిన్నె సదురుత."

మేమిద్దరం నవ్వాం. కాక మాత్రం ఒళ్లో ఉన్న ఐదేళ్ల మనవరాలిని చూస్తూ, "ఈ పొల్ల పెద్దగయ్యేదాక తిరుగుతదా?" అన్నారు.

"నిదానమైతదంటున్నరు. ఆగుతదో లేదో, ఆగితే ఎప్పుడో, తెల్వదు కాక."

"తెల్వనప్పుడు తెల్వదనే రాయాలె రిజిష్టర్ల. చూడకుంట మంచిగున్నదని రాసేటోడు మందిని సంపుతడు."

అప్పటి నుంచి ప్రతి ఆదివారం గోడ మీదుగా అదే ప్రశ్న: "ఏంరా, తిరుగుతాందా?" నేను ఫోన్లో వెతికి, చదివి, "ఇంకా తెల్వదు కాక" అనేవాణ్ని. కాలేజీలో ఏ పరీక్షకూ అంత చదవలేదు. ఆయన ఫికర్ నాకూ అంటుకుంది. ఇప్పుడు వాన రెండ్రోజులు ఆలస్యమైతే నాకు జోకులు రావడం లేదు.

చివరి ఆదివారం దవాఖానలో మనవరాలు మంచం పక్కన నిలబడి ఉంది. కాకకు మాట రావడం లేదు. చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పి, నా వైపు చూశారు.

నేను చేసింది ఒక్కటే. ఫోన్ తీయకుండానే, "మంచిగ తిరుగుతాంది కాక" అన్నాను.

ఆయన నన్ను చాలాసేపు చూశారు. ఆ వేలు తిరుగుతూనే ఉంది.