పని చెయ్యని ఆకురసం

యారాడలో చేపలవేట చేసుకునే ఇంటినుంచి వచ్చి, దువ్వాడ దగ్గరి ఫార్మసీ కాలేజీలో పీహెచ్‌డీకి చేరిన సుధారాణికి తన గైడ్ మురళీధర్ అంటే మొదట్లో భక్తే. ఎలుకల కడుపులో పుండ్లు పుట్టించి, ఆకురసం పట్టించి, మానుతున్నాయేమో చూడటం వాళ్ల పని. తీరా కోసి చూస్తే, రసం తాగినవాటికీ తాగనివాటికీ తేడా లేదు.

"రసం తాగినవాటిలో పుండ్లు ఎక్కువున్నవాటిని లెక్కలోంచి తీసెయ్యమ్మా," అన్నాడు మురళీధర్ చల్లగా.

"అలాగైతే ఎలకల్ని సంపడమెందుకు సార్? ముందే రాసేసుకుంటే పోయేది."

ఆయన నవ్వి, సొరుగులోంచి అల్సర్ మాత్ర తీసి మింగాడు. ఆయనకూ కడుపులో పుండే. సభల్లో ఈ ఆకు గురించి ఊదరగొట్టే పెద్దమనిషి, దాని రసం చుక్కైనా నోట పెట్టిన పాపాన పోలేదు. ఇలాంటివాడికా ఇన్నాళ్లూ లేచి నిలబడి నమస్కారం పెట్టానని సుధారాణికి ఒళ్లు కంపరమెత్తింది.

"నాను తియ్యను సార్," అంది.

ఆయన గైడుగా తప్పుకున్నాడు. ఆమె మరొకరి దగ్గర చేరి, ఆకు పనిచెయ్యదనే రాసింది. డిగ్రీ ఆలస్యంగా వచ్చింది. ఇప్పటికీ కాలేజీకి వెళ్లినప్పుడు వరండాలో మురళీధర్ ఎదురైతే, గోడమీది నోటీసు చదువుతున్నట్టు తల తిప్పుకుంటుంది.